కొట్టంలో కాపురం

2022 జనవరి 30, ఆదివారం

ఎల్లుండి బళ్లు తెరుస్తారు. ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 317 జీవోలో నాకు జగిత్యాల జిల్లా వచ్చింది. బడేమో ధర్మపురి అవతల గోదావరి ఒడ్డు ఊళ్లో. కరీంనగర్ నుంచి రోజూ వచ్చిపోవాలంటే బస్సులోనే నాలుగైదు గంటలు పోతాయి. ఊళ్లోనే ఉందామంటే కిరాయికి ఇల్లు దొరకదు. ఇండ్లు లేక కాదు, వాడవాడకూ తాళాలే. ఒకరు దుబాయి, ఒకరు మస్కట్, ఒకరు హైదరాబాద్. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరంతటికీ ఎరుకే, ఇల్లు మాత్రం ఇవ్వరు. దసరాకు వచ్చినప్పుడు నాలుగు రోజులు ఉండటానికి కావాలట.

చివరికి ఉపసర్పంచ్ “పటేల్ కొట్టం ఉన్నది మేడం, సూస్తరా?” అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. చూస్తానన్నాను.

ఫిబ్రవరి 6, ఆదివారం

చూసొచ్చాం. పెద్ద ప్రహరీ, నడుమ భవంతి. నాలుగు దిక్కులా అర్రలు, మధ్యలో ఆకాశం. పడమటి అర్రలు కూలి లోపల వేపచెట్టు ఎదిగింది. ఆ భవంతి జోలికి ఎవరూ పోలేరు. ఎడమ పక్కన ఎద్దుల కొట్టం, దాన్ని ఆనుకొని గరిశెల అర్ర, దర్వాజ దగ్గర బండి కొట్టం. ఇవి మూడూ ఇంకా నిలబడే ఉన్నాయి. కొట్టం గోడలు మూరన్నర మందం, ఒట్టి మట్టివి. నిట్టాళ్లు టేకువి, రెండు చేతులతో కౌగిలించినా వేళ్లు కలవవు. గాడి అంచు రాయి ఎద్దుల మెడలు రాసుకుని రాసుకుని నున్నబడింది. పైన గూనపెంక సగానికి సగం లేదు. గరిశెల అర్రలో అడుగు పెట్టగానే గబ్బిలాలు లేచాయి, మా ఆయన బయటికి ఉరికాడు.

“ఇది గడియా?” అని అడిగితే ఉపసర్పంచ్‌కు నవ్వొచ్చింది. “గడి అంటే దొరలది మేడం. వీళ్లు శిస్తు చూసే మాలీ పటేండ్లు, అంతే.”

సాయంత్రం ఇంటాయనతో ఫోన్లో మాట్లాడాను. హైదరాబాద్‌లో ఉంటారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారట. పటేల్ గారూ అంటే వద్దన్నారు. “ఆ పటేల్‌గిరి 1984లనే పోయిందమ్మా, ఎన్టీఆర్ తీసేసిండు. మేం ఊరిడిసింది అంతకు ముందే.” అంతకు ముందు అంటే 1978. ఆ సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి, దండుగలు, దొరల కింది భూములు, వీటి మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి పట్టణానికి నడిచాయి. అక్టోబరుకల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు ఒక్కొక్కరే కరీంనగర్‌కో హైదరాబాద్‌కో సర్దుకున్నారు, గడీలకు తాళాలు పడ్డాయి. “మా నాయన చిన్న పటేలే. కని భయానికి చిన్నా పెద్దా ఉంటదా!” అన్నారాయన. ఆ తర్వాత కొన్నేండ్లు కొట్టాన్ని ఎరువుల వ్యాపారి ఎవరికో గోదాముగా ఇచ్చారట, ఆనక అదీ లేదు.

కిరాయి వద్దన్నారు. “కప్పు నిలబెట్టుకోండి, ఉన్నన్ని రోజులు ఉండండి. నేను మాత్రం రూపాయి పెట్టను.”

ఫిబ్రవరి 20

మేడారం జాతరకు పోయినవాళ్లు నిన్నటి నుంచి తిరిగొస్తున్నారు. బడిలో ప్రతి పిల్లా ఓ ముక్క బంగారం తెచ్చి నా చేతిలో పెట్టింది. బల్ల మీద బెల్లం కుప్పయింది, చీమలు పట్టాయి.

జగిత్యాల కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న నా డిగ్రీ స్నేహితురాలిని కలిశాం. కిరాయి లేనప్పుడు ఇది లీజు కిందికి రాదు, ఉత్త అనుమతి అంది. ఇచ్చినాయన పొమ్మంటే పోవాల్సిందే. అయితే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో 60వ సెక్షన్ ఉంది. అనుమతి మీద ఉన్నవాడు తన ఖర్చుతో శాశ్వతమైన కట్టుబడి ఏదైనా చేస్తే ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు. “పెంక తిరగేసి కప్పుడు శాశ్వతమా కాదా అని పదేండ్లు కొట్లాడొచ్చు, నాకు మంచి ఫీజు” అని నవ్వింది.

ఇంటాయన భయాలు వేరు. పన్నెండేండ్లు ఉంటే ఇల్లు ఉన్నవాళ్లదైపోతుందని ఎవరో చెప్పారట. వాళ్ల నాయన 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్ల కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి. ఆ చట్టం సాగుభూమికి, ఈ కొట్టం ఉన్నది గ్రామకంఠంలో. ధరణి భూరికార్డుల్లో వెతికినా కనబడదు, పంచాయతీ ఇంటిపన్ను రసీదే దీనికి దిక్కు. ఇక పన్నెండేండ్ల సంగతంటారా, ఆ వాదన నిలవాలంటే సొంతదారు హక్కును కాదని ఉండాలి. ఆయన అనుమతి మీదే ఉన్నామని మనమే రాసిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అంటే కాయితం ఆయనకూ రక్షణే, మాకూ రక్షణే. మౌఖికంగా “ఉండండి పోండి” అనుకున్నచోటే తలకాయలు పగులుతాయని మా స్నేహితురాలి అనుభవం.

ఏడాది దాటిన లీజైతే 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. అందుకే అనుమతి అయినా పదకొండు నెలలకే రాసి, తిరగరాస్తూ పోదామంది. లెక్క మా ఆయన కట్టాడు, దుబాయిలో స్టోర్‌కీపర్‌గా చేసిన చెయ్యి కదా. మేం పెట్టే ఖర్చంతా ఎప్పటికప్పుడు రసీదులతో ఇంటాయనకు వాట్సాప్‌లో పంపాలి. మొత్తాన్ని అరవై నెలలకు పంచాలి. మధ్యలో ఖాళీ చేయమంటే మిగిలిన నెలల సొమ్ము ఆయనివ్వాలి, మేమే వెళ్లిపోతే అడగకూడదు. ఇంటాయన బ్యాంకు మనిషి కాబట్టి ఇది వెంటనే తలకెక్కింది. “లోన్ లెక్క గదమ్మా ఇది” అన్నారు సంతోషంగా.

మార్చి 13

ఊళ్లో గూనపెంక కప్పడం వచ్చినవాళ్లు ఇద్దరే మిగిలారట. ఒకాయన మంచాన పడ్డాడు. రెండో ఆయన ఇవాళ పొద్దున కట్టె పట్టుకుని వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. లోపలికి రాకుండా చాలాసేపు బయటే నిలబడి కప్పు చూశాడు. “రా బాపూ, కూసో” అన్నాను. కూర్చోలేదు. తిన్నగా పోయి కొట్టం మూలన, గాడి పక్కన నేల చూపించాడు.

“మా నాయన గీన్నే పండెటోడు. జీతమున్నడు పటేల్ కాడ. ఏడాదికిన్ని వడ్లు, జత బట్టలు, ఓ గొంగడి. ఎద్దుల కాడ్నే బువ్వ, ఎద్దుల కాడ్నే పండుడు. మిరుగు ముంగట పెంక కప్పుడు గూడ మాతోనే. నేను పోరగాన్ని, నిచ్చెన కింద నిలవడి పెంకలందించేది. పైసల్లేవు, గది వెట్టి.” కాసేపాగి మళ్లీ అన్నాడు. “పని చేసుడు, కొట్టంల ఉండుడు. గిప్పుడు నువ్వు చేస్తున్నది గదే గద బిడ్డా?”

నాకు మాట తోచలేదు. “నాకు కాయితం ఉంది బాపూ” అన్నాను చివరికి.

“కాయితం మా నాయనకు గూడ ఉండె. అప్పు కాయితం.”

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976ది. దాన్ని మేం పిల్లలకు నాలుగు వాక్యాల్లో చెప్పి పరీక్షలో ఒక మార్కు ఇస్తాం. ఆయన చెప్పేదాని ప్రకారం ఈ కొట్టంలో ఆ చట్టం పేరు ఎవరూ ఎత్తలేదు. 1978లో పటేల్ బండెక్కి పోయిన నాటితోనే జీతం తెగింది. అప్పు ఎంతుందో, తీరిందో లేదో ఇప్పటికీ తెలియదన్నాడు. తర్వాత కొన్నేండ్లు పెంక కప్పడానికి ఊళ్లో ఇంటింటికీ తిరిగాడు, కూలికి. ఆ తర్వాత అందరూ రేకులేసుకున్నారు, కాకపోతే స్లాబు పోసుకున్నారు.

ఎందుకొచ్చావని అడగలేదు. ఆయనే చెప్పాడు. సుతారి పనికెంత కూలో అంత కావాలి, ఏ రోజు కూలి ఆ రోజు సాయంత్రమే చేతికియ్యాలి, పైకి ఆయన ఎక్కడు, మనవడు ఎక్కుతాడు, వాడికీ అంతే కూలి. ఇంకో సంగతి, వానకాలం తన మేకల్ని బండి కొట్టంలో కట్టేసుకుంటాడు. వాళ్ల ఇంట్లో నాలుగు మేకలకు జాగా లేదు, కిందటేడు రెండు తడిసి చచ్చాయి.

మేకల మాట ఇంటాయనకు ఫోన్లో చెప్పాను. చాలాసేపు అవతల్నుంచి శబ్దం లేదు. “మీరుంటే ఏం లేదమ్మా. ఆయన మేకలు పెడితే... ఊళ్లే ఇంకో తీరు అనుకుంటరు” అన్నారు. చూద్దాం అన్నారు. బ్యాంకుల్లో చూద్దాం అంటే లేదనే అర్థం.

ఏప్రిల్ 3

నిన్న ఉగాది. పచ్చడి తిని సాయంత్రం పెంకల వేటకు పోయాం.

కుమ్మరులు గూనపెంక చేయడం ఎప్పుడో మానేశారు. ఉన్నవి కావాలంటే కూలిన ఇండ్ల కుప్పల్లో ఏరుకోవాలి. కుప్పలకేం కరువు లేదు. 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలైనప్పుడు పాడుబడ్డ ఇండ్లు, పూడిన బాయిలు, పాత గోడలు అన్నీ తీసేయమని పంచాయతీలకు చెప్పారు. జేసీబీ వచ్చి ఈ ఊళ్లోనూ చాలా ఇండ్లు నేలమట్టం చేసింది. తేళ్లు, పాములు తగ్గాయి, నిజమే. దారులు వెడల్పయ్యాయి, అదీ నిజమే. ఈ కొట్టం మాత్రం ప్రహరీ లోపల ఉండబట్టి జేసీబీకి దొరకలేదు.

మస్కట్‌లో ఉన్నవాళ్ల ఇల్లొకటి అట్లా కూలింది. వాళ్ల అమ్మ ఇక్కడే అన్న ఇంట్లో ఉంటుంది. పెంకలు తీసుకుంటామంటే ముందు బేరమాడింది, తర్వాత “తీస్కపో బిడ్డా, మొలకెత్తుతయా అవి” అంది. అయినా పెంకకు రూపాయి లెక్క ఇచ్చాం. లెక్కపెట్టే పని ఐదో తరగతి పిల్లలది. వద్దన్నా వచ్చారు, వందేసి పేర్చి సున్నంతో గీతలు గీశారు. ఎక్కాలు ఇంత ఇష్టంగా చెప్పడం నేను బడిలో చూడలేదు.

పెంక ఇండ్లను ముంచింది వానలు కాదు, కోతులు. మందలు మందలు కప్పుల మీద దూకుతాయి, పెంక ఎత్తి కింద పురుగులు వెతుకుతాయి, నాలుగు పగలగొట్టి పోతాయి. ప్రతి ఏడూ కప్పడం ఒక ఎత్తు, కోతుల వెనక నెలనెలా కప్పడం ఒక ఎత్తు. రేకులు ఎండకు కాలినా కోతికి లొంగవు. దానికి బాపు దగ్గర మందు లేదు. మా ఆయన కప్పు మీద చేపల వల పరుస్తానంటున్నాడు, గోదావరి బెస్తల దగ్గర పాత వలలు ఉంటాయట. నవ్వాను కానీ ఇంతకన్నా మంచి ఆలోచన నాకూ రాలేదు.

మే 8

సెలవులు. పొద్దంతా గోడలే.

ఎరువుల మూటలు పేర్చిన వైపు గోడ అడుగునుంచి నడుము ఎత్తు దాకా తెల్లగా ఉప్పు కక్కింది. మట్టి పిండిపిండిగా రాలుతుంది, వేలు పెడితే రెండు కణుపులు దిగుతుంది. దాని మీద ఎప్పుడో సిమెంటు పూశారు. సిమెంటు పెచ్చు గట్టిగానే ఉంది, వెనక మట్టి లేదు! నేల తేమ పైకి ఎక్కుతుంది, మట్టిగోడైతే దాన్ని గాలికి వదిలేస్తుంది, సిమెంటు వదలనివ్వదు. లోపల్లోపలే గోడ చివికిపోతుంది. వచ్చిన సుతారి ఇది చూసి కూడా “బసంత్‌నగర్ సిమెంటు నాలుగు బస్తాలు తెప్పియ్యున్రి, ఒక్క రోజుల పూసిపోత” అన్నాడు. బాపు అరుగు మీద నుంచే “పూసుడు కాదు, ముందు గీకు” అన్నాడు. వాళ్లిద్దరికీ పొద్దున్నే పడలేదు.

గీకాం. ఉప్పెక్కిన మట్టినంతా తీసి ఊరవతల పోయించాం, మళ్లీ కలిపితే మళ్లీ కక్కుతుంది. చెరువు నల్లమట్టి ఒక్కటే అయితే ఆరి నెర్రెలిస్తుంది. దానికి ఇసుక, వరిగడ్డి తరుగు, పెండ కలిపి నీళ్లు పోసి కాళ్లతో తొక్కి వారం ముగ్గబెట్టాం. వాసన గురించి రాయను. ముగ్గిన మట్టి చేతికి అంటకుండా జారుతుంది, ముద్ద చేసి గోడకు కొడితే పట్టుకుంటుంది. గట్టు మీద గట్టు, ఒకటి ఆరాకే రెండోది. తొందరపడితే బరువుకు కుంగుతుంది. సుతారికి ఈ ఆగడమే నచ్చలేదు. నాలుగో రోజు ఇంకో పని దొరికిందని పోయాడు. మిగతాది బాపు మనవడూ నేనూ చేశాం.

పైపూతకు సున్నం. కాల్చిన రాయి జగిత్యాల నుంచి తెచ్చి డ్రమ్ములో నీళ్లు పోస్తే ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడింది. పిల్లల్ని దూరం తరిమి కండ్లద్దాలు పెట్టుకున్నాను, మా ఆయన దుబాయి నుంచి తెచ్చినవి, ఇన్నాళ్లకు పనికొచ్చాయి. బెల్లం నీళ్లు, నానబెట్టిన కరక్కాయల నీళ్లు బాపు కొలత లేకుండా పోశాడు. ఎంత అంటే “సూస్తె ఎరుకైతది” అంటాడు. ఇట్లాంటి జవాబులకు నాకు ఒళ్లు మండుతుంది. పక్కన నిలబడి చెంబులతో కొలిచి నోట్‌బుక్కు వెనకపుటలో రాసుకున్నాను.

మే 17, మంగళవారం

నడుమ దూలం ఒక మొన చివికింది. దూలమంతా మార్చాలంటే మా వల్ల కాదు. వడ్లాయన చివికినంత మేర కోసి కొత్త ముక్క అతికిస్తానన్నాడు, దానికి వయసొచ్చిన టేకే కావాలట. రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట, జన్నారం వైపు పాత కలప అమ్మేవాళ్లున్నారని పోయాం. అది కవ్వాల్ అడవి ప్రాంతం. పాత ఇంటి దూలమైనా సరే బండెక్కిస్తే చెక్‌పోస్టులో కాయితం చూపించాలి. ముక్క దొరికింది, కాయితానికి రెండు రోజులు ఆగమన్నారు.

ఆగమంటే ఏం చేస్తాం, జైనూరు మీదుగా మార్లవాయి పోయొచ్చాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వం గోండుల గోడు తెలుసుకోవడానికి ఆస్ట్రియా మనిషి హైమండార్ఫ్‌ను పంపింది. ఆయనా భార్య బెట్టీ ఈ ఊళ్లో గోండుల మధ్య గుడిసెలో ఉన్నారు. 1943లో ఇక్కడే గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలొచ్చాయి. 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టీని ఇక్కడికే తెచ్చి పెట్టారు, 2012లో ఆయన అస్థికలూ పక్కన చేర్చారు. రెండు సమాధుల దగ్గర ఎవరో పూలు పెట్టి ఉన్నారు. ఊరు ఆయనకు నీడనిచ్చింది, ఆయన బడి ఇచ్చాడు. ఆ లెక్క ఎవరూ కాయితం మీద రాసుకున్నట్టు లేదు. కానీ ఆయన సర్కారు పంపిన మనిషి, వెనక నిజాం మొహరు ఉంది. నేను సర్కారు పంతులమ్మనే అయినా ఆ కొట్టంలో మా బాపు ముందు నా వెనక ఎవరూ లేరు.

మే 29

రోహిణి ఎండ. పెంక కప్పడం మొదలైంది. వాసాల మీద వెదురు తడక, దాని మీద ఒక వరుస పెంక నోరు పైకి, రెండు వరుసల నడుమ సందు మీద ఇంకో పెంక బోర్లా. కిందినుంచి పైకి పోవాలి, ప్రతి పెంకా కిందిదాని మీదికి నాలుగు వేళ్లు ఎక్కాలి. మూడేస్తే గాలివానకు నీళ్లు వెనక్కి తంతాయి, ఐదేస్తే పెంకలు చాలవు. మనవడు ఐటీఐ పిల్లాడు, ఫోన్లో పాటలు పెట్టుకుని కప్పుతున్నాడు. బాపు కింద కుర్చీలో కూర్చుని కట్టెతో చూపిస్తున్నాడు. మధ్యమధ్య వాణ్ని తిడుతున్నాడు, ఇక్కడ రాయలేని మాటలతో.

మా ఆయనకు రాత్రంతా వీడియోలు. ఇటలీలో పాడుబడ్డ ఇండ్లు ఒక్క యూరోకి ఇస్తున్నారట, బాగుచేసుకుంటానని మాటివ్వాలి. జపాన్‌లో 2018 లెక్క ప్రకారం ఖాళీ ఇండ్లు 84 లక్షల పైచిలుకు. “మనకు యూరో కూడ పెట్టనవసరం రాలే” అని మురిసిపోతున్నాడు. ఆ ఇటలీ ఇండ్లు కట్టినవాళ్ల మనవలు వచ్చి కప్పు మీద పెంక పేరుస్తున్నారేమో వీడియోలో చూపించలేదు.

జూన్ 9, గురువారం

నిన్న మిరుగు కార్తె. ఊరంతా చేపల వాసన. సామాను ఆదివారమే దించాం. గరిశెల అర్రలో పడక, కొట్టంలో వంట, చదువు, అన్నీ. గాడిలో పుస్తకాలు పెట్టాను. సరిగ్గా పట్టాయి. బయట రాయి కాలుతున్నా లోపల ఫ్యాను ఒకటిలో పెడితే చాలు. “టీచరమ్మ కొట్టంల ఉంటదట” అని మొదట్లో నవ్వినవాళ్లు చల్లదనానికి మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటున్నారు. ఇది ఇంకో తలనొప్పి.

ఖర్చు మొత్తం అనుకున్నదానికి సగం ఎక్కువైంది. అందులో పెద్దది కూలి. రసీదులన్నీ ఇంటాయనకు పంపాను, కోతుల వల రసీదుతో సహా. బొటనవేలి బొమ్మ పంపారు.

జూలై 14, గురువారం

వాన మొదలై వారం. సోమవారం నుంచి బళ్లకు సెలవులిచ్చారు, మళ్లీ శనివారం దాకా పొడిగించారు. నిన్న రాత్రి కడెం తెగుతుందని భయపెట్టారు. మూడు లక్షల క్యూసెక్కులకు కట్టిన ప్రాజెక్టుకు ఐదు లక్షలొచ్చాయట, గేట్ల మీది నుంచి పొర్లింది. కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. మంచిర్యాలలో కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. మా దగ్గర గోదావరి కనబడినంత మేరా ఎర్రగా పారుతోంది, పొలాల ఆనవాలు లేదు.

ఊళ్లో మట్టిగోడలు చాలా పడ్డాయి. నిన్న మధ్యాహ్నం భవంతి ఉత్తరపు గోడ మొత్తం ఒక్కసారి కూర్చుంది, భూమి అదిరింది. కొట్టానికి ఒక్కచోట కారింది, వల కట్టిన తాడు పెంకను లాగినచోట. మనవడు ఆ వానలోనే ఎక్కి సర్దాడు. రాత్రి పది దాటాక తలుపు చప్పుడైంది. బాపు, నెత్తిన యూరియా సంచి కప్పుకుని, వెనక నాలుగు మేకలు. వాళ్ల ఇంటి వెనక గోడ పోయింది.

బండి కొట్టం తలుపు తీశాను. ఇంటాయనను అడగలేదు. పొద్దున ఫోన్ చేసి చెప్పాను. భవంతి గోడ సంగతి ముందు చెప్పాను, మేకల సంగతి తర్వాత. ఆయన గోడ గురించి అడగనేలేదు. “ముసలాయనకేం కాలే గద?” అన్నారు.

జూలై 24, ఆదివారం

ఇంటాయన వచ్చారు, పద్నాలుగేండ్ల తర్వాతట. భవంతి దగ్గర ఒంటరిగా కాసేపు తిరిగి కొట్టంలోకి వచ్చారు. బాపు అరుగు మీదే ఉన్నాడు. లేవలేదు. నేనూ లేవమనలేదు. ఇంటాయనే పోయి పక్కన కూర్చున్నారు. ఇద్దరూ మాట్లాడుకున్నది ఎద్దుల గురించి, ఏదో పొడిచే ఎద్దు గురించి. జీతం మాట, అప్పు మాట ఇద్దరూ ఎత్తలేదు. నేను టీ పెడుతూ వింటున్నాను.

తర్వాత కాయితాల దగ్గరికి వచ్చాం. స్నేహితురాలికి ఫోన్ కలిపాను. బాపు పేరు మా కాయితంలో వద్దు, వేరే రాసుకోండి అంది. కప్పు కూలి ఏటేటా మిరుగు ముందు ఇంటాయన ఇస్తారు, మా అరవై నెలల లెక్కలో కలవదు. బండి కొట్టం వానకాలం నాలుగు నెలలు మేకలకు, కిరాయి లేదు. కూలి మానితే మేకలు పోవాలా అని మనవడు అడిగాడు. మంచి ప్రశ్న. ఇంటాయన అవునన్నారు, నేను కాదన్నాను, బాపు ఏమీ అనలేదు. చాలాసేపు పట్టింది. చివరికి రెండూ వేరువేరు కాయితాలు చేశాం, ఒకదానికొకటి సంబంధం లేకుండా. సంతకం కూడా చేయక ముందే కూలి రేటు పెంచాలని మనవడు ఇంకో పది నిమిషాలు కొట్లాడాడు, కొంత గెలిచాడు.

స్టాంపు కాయితాలు రేపు జగిత్యాల నుంచి తేవాలి. వాటి పైసలు ఎవరివని బాపు అడిగాడు. నావే అన్నారు ఇంటాయన. వానకు తెచ్చిన మేకల్ని కొట్టంలోనే ఉంచమన్నాను. బాపు ఒప్పుకోలేదు, ఇయ్యాల ఇంటికి తోలుకపోతానన్నాడు. సంతకాలయ్యి, గురువారం అమాస పోయినంక మళ్లీ తోలుకొస్తాడట.